కన్నయ్య చేనుమీద ఎర్రచుక్క

ఒడిశాలోని గుణుపురం పక్క ఊళ్ళో గట్టుతగువొస్తే కన్నయ్యని పిలిచేవారు. తాతలనాడు శ్రీకాకుళం నుంచొచ్చి వంశధార ఒడ్డున చేలు కొట్టుకున్న కుటుంబం. పక్కోడి గట్టు జానెడు జరిపిన పాపాన పోలేదని పేరు. అలాంటి మనిషి బుద్ధి కూడా ఓసారి గడ్డి తింది.

ఏట్లోంచి నీళ్ళు తోడే మోటారొకటే. మొక్కజొన్న చేలు బోలెడు. వంతుల దగ్గర రోజూ కొట్లాటే. చిన్మయ్ అనే కంపెనీ కుర్రాడొచ్చి, ప్రతి చేలోనూ తడి కొలిచే పుల్ల పాతి, మోటారు షెడ్డులో టీవీలాంటి బోర్డు తగిలించేడు. తడున్న చేనుకి పచ్చచుక్క, ఎండిన చేనుకి ఎర్రచుక్క, అప్పటికప్పుడు కనబడిపోతాది. ఎర్రచుక్కకే ముందు నీళ్ళు. మనుషులబద్ధమాడతారు గానీ పుల్లలాడవు కదా అన్నారందరూ. ముందు తలూపింది కన్నయ్యే.

పూతవేళకి ఎండలు ముదిరేయి. తన చుక్క పచ్చగానే ఉన్నా ఆకులు చుట్టుకుపోతాయేమోనని కన్నయ్యకి ఒకటే దడ. ఒక్కపాలికే కదా అనుకుని పుల్ల పీకి, చేనుకానుకునున్న ఇంట్లో రేకుల కింద అటకమీద పడేసేడు. చుక్క ఎర్రబడింది, నీళ్ళొచ్చేయి. చేను నిగనిగలాడతంటే పుల్ల తిరిగి పాతడానికి చెయ్యి రాలేదు. సిగ్గేసేది. అయినా పాతలేదు. బోర్డు వచ్చేక చేలవైపు చూసేవాళ్ళెవరూ లేరాయె.

కాలవ చివరి చేను ఎర్రమ్మది. మొగుడు పోయిన మనిషి. చుట్టరికం లేకపోయినా కన్నయ్యని తమ్ముడా అని పిలుస్తాది, అతను అక్క వరసన అప్పా అంటాడు, పాదుకి తొలి ఆనపకాయ కాస్తే వాళ్ళింటికే పంపుతాది. ఆవిడ వంతు వస్తందనగా కన్నయ్య చుక్క ఇంకా ఎర్రగా ఉండేది, నీళ్ళు అటే మళ్ళేవి. చివరికి ఆవిడ పొత్తులు గింజ పట్టకుండానే సగం ఎండిపోయేయి. కన్నయ్య పలకరించడానికెళ్ళి, ఎండలు మరీ ఎక్కువైపోయేయప్పా అన్నాడు. అంటున్నంతసేపూ ఆవిడ ముఖం చూడలేకపోయేడు.

ఓ సాయంత్రం అకాలవాన దంచి కొట్టింది. తెల్లారి అందరూ సంబరంగా షెడ్డు దగ్గర చేరేరు. కన్నయ్య చేలో నిలిచిన నీళ్ళు బయటికి కొట్టి, మోకాళ్ళదాకా బురదతో తిన్నగా అక్కడికే వచ్చేడు. బోర్డుమీద చేలన్నీ పచ్చగా ఉన్నాయి. అతనిదొక్కటే ఎర్రగా ఉంది. ఓలమ్మో, అటకమీది పుల్ల సంగతే మర్చిపోయేడు.

అందరి చూపులూ బోర్డుమీంచి అతని కాళ్ళమీదకి దిగేయి. ఎర్రమ్మ మాత్రం జాలిపడింది.

"ఆ బూమి ఎంత దాహంమీదుందో, అంత వానా సాల్నేదు. నా వంతు కూడా మా తమ్ముడికే ఇచ్చీయండి."

తిట్టినా బాగుణ్ణు. కన్నయ్యకి తల కొట్టేసినట్టయింది.

"అప్పా, పుల్ల సేలో నేదు. మా అటకమీదుంది. పూతకాడ్నుంచీ అక్కడే ఉంది."

ఆవిడకి అర్థం కావడానికి కాస్తసేపు పట్టింది. "నా పంట ఎండకి పోనాదనుకున్నాన్రా," అంది. తన చేనువైపు వెళ్ళిపోయింది.

ఆరోజే పుల్ల పాతేసి, ఆపైన తన వంతు నీళ్ళు ఆవిడకి వదిలేసేడు. ఆవిడ వద్దనలేదు. ఇప్పటికీ దారిలో ఎదురైతే పలకరిస్తాది. "బావున్నారా, కన్నయ్యగారూ," అంటాది.