మెడ వెనక చుక్క

మావాడికి పుట్టువెంట్రుకలు తీయించడానికి పెంచలకోనకు ప్రయాణం పెట్టుకున్న వారం అది. ఏడాది నిండని తలకు అన్ని ఉంగరాలు ఎక్కడినుంచి వచ్చాయో. ఆదివారం దాటితే ఒక్కటీ ఉండదు. నేను కాలేజీలో ఉండగా మా అన్నయ్య కొనిచ్చిన డబ్బా కెమెరాలో ఇంకొక్క ఫొటోకే ఫిల్ము మిగిలింది. దాన్ని ఆ జుట్టుకోసమని దాచుకున్నాను.

వాకాడు దగ్గరి పల్లెనుంచి వచ్చిన అత్తగారు ఒప్పుకోలేదు.

"పుట్టెంటికలు తియ్యకముందు బిడ్డకి ఫొటో తీసేదానికి లేదు మే. దిష్టి తగలదా?"

బి.ఏ. చదివినదాన్ని, నవ్వి ఊరుకోవలసింది. కానీ నిద్రపోతున్నవాడి ముక్కు దగ్గర వేలుపెట్టి ఊపిరి చూసుకునే మనిషిని నేను. ఆ మాట విన్నాక ధైర్యం చాలలేదు. ఆశా చావలేదు.

"చెట్టును తీసుకో. దానికి దిష్టి లేదులే," అన్నారు మావారు.

మర్నాడు పొద్దున్నే నలుగురం నెల్లూరు పార్కుకు వెళ్లాం. దసరా వెళ్లిపోయింది. రెండు రోజులు పట్టిన ముసురు విడిచి, ఆకాశం కడిగినట్టుంది. తడినేల మీద పారిజాతాలు రాలి పడివున్నాయి. పక్కనే ఖాళీ బెంచీ. మేం తప్ప ఎవరూ లేరు. నిజంగానే చెట్టును తీద్దామనిపించి, కెమెరా పొట్టకు ఆనించుకుని, పైనున్న చిన్న అద్దంలోకి తలవంచి చూశాను. ఎండ నా వీపు మీద పడుతోంది.

అంతలో అత్తగారు పిల్లవాణ్ణి ఎత్తుకుని ఆ అద్దంలోకి నడిచివచ్చారు. నాకు వీపు పెట్టి గొంతుక్కూర్చుని, వాణ్ణి పక్కన నిలబెట్టుకున్నారు.

"మొహం కనబడతా ఉందా?"

"లేదత్తా. వీపులే."

"ఎంటికలు?"

"అన్నీ కనబడుతున్నాయి."

"అయితే తీసుకో. ఉండుండు." వాడి బుగ్గమీది కాటుకను వేలికి అద్దుకుని, మెడ వెనక ఒక చుక్క పెట్టారు. "ఆ కెమెరా చూసేది ఈపక్క గదా."

"చుక్క పెట్టాల్సింది వాడికి కాదుమా, నీ కోడలి కళ్లకి. పొద్దస్తమానం వాణ్ణే చూస్తా ఉంటుంది," అన్నారు మావారు.

"నువ్వూరుకోరా. నీకు మూడేళ్లు వచ్చిందాకా నేనూ అట్నే చూసినా."

పిల్లవాడు వంగి ఒక పువ్వు తీసి నోటిదాకా తెచ్చాడు. నేను కెమెరా వదిలి పరుగెత్తబోయాను. అత్తగారు వాడి మణికట్టు పట్టుకుని, "తినేది కాదు నాయనా, చూడు," అన్నారు. వాడు చూశాడు. పువ్వు వైపు తల వంచి, కదలకుండా చూశాడు. ఊపిరి బిగబట్టి మీట నొక్కాను.

స్టూడియోలో కడిగించిన ఫొటో అరచేతిలో సగం కూడా లేదు. చెట్టు, బెంచీ, ఒక ముసలి వీపు, దాని పక్కన ఉంగరాల తల. నేల నిండా తెల్లటి మచ్చలు. నాకు అంతకంటే అక్కర్లేదు. అత్తగారు వెలుతురుకు పట్టి చాలాసేపు చూశారు.

"చుక్క ఏదిమే?"

"అంత చిన్నది పడదత్తా."

ఆవిడ లోపలికి వెళ్లి కాటుకభరిణ తెచ్చి, అగ్గిపుల్ల కొనతో ఫొటోలోని మెడ మీద జాగ్రత్తగా ఒక చుక్క పెట్టారు.

ఆదివారం జుట్టు తీయించాం. వాడిప్పుడు పలకా బలపం పట్టుకుని బడికి పోతున్నాడు. ఇవాళ సాయంత్రం వాడికి కాస్త ఒళ్లు వెచ్చబడితే మందు వేసి పడుకోబెట్టాను. ఆ తరవాత పెట్టె తెరిచి ఫొటో తీశాను. చుక్క చెరగలేదు. దాన్ని మళ్లీ లోపల పెట్టేసి, ఇది రాయడానికి కూర్చున్నాను.