మిరప కొట్ల కాలువ, దిగువ ఊరి చెరువు

1958లో నేను గుంటూరు జిల్లాలోని ఒక చిన్న మునిసిపాలిటీలో శానిటరీ ఇన్‌స్పెక్టర్ని. వీధుల, కాలువల శుభ్రం చూడటం నా పని. మిరప కొట్ల మధ్య తుమ్ముకుంటూ సైకిల్ తొక్కిన ఆ రోజులు తలుచుకుంటే ఇప్పటికీ ప్రాణం లేచొస్తుంది.

మా ఊళ్లో ఒక అలవాటుండేది. వేసవంతా కొట్లలో ఊడ్చిన తొడిమలు, తాలుకాయలు, కారపు దుమ్ము స్టార్మ్‌వాటర్ డ్రెయిన్‌లో, అంటే వాన నీళ్లు పోయే పెద్ద కాలువలో పోసేవాళ్లు. తొలకరి కడుక్కుపోతుందని ధీమా. వాన పడగానే కాలువ శుభ్రమయ్యేది. చైర్మన్ గారు నన్ను మెచ్చుకునేవారు కూడా!

ఆ ఏడు దిగువ ఊరివాళ్లు కాలువకు అడ్డంగా ఇసుక బస్తాలు వేశారు. తొలకరి నీళ్లు వెనక్కి తన్ని మా కొట్లలోకి వచ్చాయి. సరుకు తడిసిన వ్యాపారులు కర్రలతో బయలుదేరారు. వాళ్ల వెంట చైర్మన్ గారు, ఆయన వెంట నేను.

బస్తాల మీద, ఆ దిగువ ఊళ్లో దూదేకి పరుపులు కుట్టుకునే కాశింబి నిలబడి ఉంది.

"తప్పుకోమ్మా, కట్ట తియ్యాలి. మా సరుకు నాశనమైపోతోంది" అన్నారు చైర్మన్ గారు.

"మీకు సరుకు, మాకు తాగే చెరువయ్యా! నిరుడు ఈ నీళ్లే చెరువులో కలిసి నా మనవరాలు వాంతులతో చావుదాకా పోయొచ్చింది. మళ్లా దాన్నట్టా చూళ్లేను. ఏదీ, మీరు మొహం కడుక్కోండి చూద్దాం" అని కాలువ నీళ్లు ముంచి చెంబు చాపింది.

ఆయన పంతానికి కడుక్కున్నారు. మరుక్షణం కండువా కళ్లకద్దుకుని కూలబడ్డారు. నవ్వితే ఉద్యోగం ఊడుతుందని నేను పక్కకు తిరిగాను. కాశింబే ఇంట్లోంచి మంచినీళ్లు తెచ్చి ఆయన కళ్లు కడిగింది.

ఆ పూటే రెండూళ్లవాళ్లూ కలిసి కాలువ నీళ్లు చెరువులోకి దిగే తూముకు పలకలు బిగించి, బస్తాలు తీశారు. మురుగు పోయాక తూము తెరవొచ్చు. వానలకు ముందే కలిసి కాలువ పూడిక తీయాలనీ, కొట్ల చెత్త గుంటల్లో పూడ్చాలనీ ఒప్పుకున్నారు. ఎర్రటి నీళ్లు చెరువు పక్క నుంచి సాగిపోతుంటే అందరం ఊపిరి పీల్చుకున్నాం.

కాశింబి మాత్రం అటే చూస్తూ, "ఇప్పుడిది ఎవరి నోట్లోకి పోద్దయ్యా?" అంది.

కాలువ దిగువన జాలర్ల పల్లె ఉంది. మర్నాడు చైర్మన్ గారు, నేను అక్కడికి వెళ్లి, ఆ నీళ్లు తాగొద్దని చెప్పి, వాళ్లనూ ఒప్పందంలో కలుపుకున్నాం. మరుసటి వేసవి పూడికతీతకు మూడూళ్లవాళ్లు వచ్చారు.

ఆ తర్వాత నేను ఎక్కడ పనిచేసినా, కిందివాళ్లు ఏ నీళ్లు తాగుతున్నారో కళ్లారా చూశాకే మా కాలువ బాగుందని రాసేవాణ్ణి.