మూడు దినాల నిజం

నేను బీడీలు చేసుకుంట కథలు చెప్తా. కరీంనగర్ పక్కన మా వాడల ఈ రెండు పనులల్ల నన్ను మించినోళ్లు లేరు. మొన్నటిదాంక ఒక్కటే బాధ: కథల పులి దుంకేటాల్లకు నేనే లేచి బాత్రూముకు ఉరికేది.

"వదినే, పులి కంటె ముందు నువ్వే దుంకుతున్నవ్ గదనే!" అని పక్కన కూసున్నామె నవ్వేది.

నేనూ నవ్వేదాన్ని. లోపల మాత్రం పొత్తికడుపుల కుంపటి. మూత్రం నిండుతుంటే నొప్పి, పోస్తే జర సల్లబడుడు, పావుగంటకు మల్ల మొదలు. బెల్లంపల్లిల ఉన్న మా అక్కను చూసి రెండేండ్లయింది. మూడు గంటల బస్సు, నడుమల ఎన్నిసార్లని దిగాలె?

వేడి చేసిందన్నరు, సబ్జా తాగిన. ఇన్ఫెక్షనన్నరు, గోలీలు మింగిన. పరీక్ష చేసిన ప్రతిసారి ఏం లేదనే వచ్చింది. ఇంట్లోళ్లు నా నొప్పి గూడ నేను అల్లిన కథే అనుకున్నరు.

ఆఖరికి కరీంనగర్ల ఒక డాక్టరమ్మ కొలత గ్లాసు, కాగితం చేతిల పెట్టింది. "మూడు దినాలు ఎంత తాగిండ్రు, ఎన్నిసార్లు పోయిండ్రు, ఎంత పోసిండ్రు, అన్నీ రాయండి."

నా చెయ్యి ఊకుంటదా? దినానికి ముప్పై సార్లు, సారికి అర లీటరు అని రాసిన.

డాక్టరమ్మ చూసి కళ్లద్దాలు తీసింది. "అమ్మా, దినానికి తాగింది రెండు లీటర్లు, పోసింది పదిహేను. మిగిలినయి ఎల్లంపల్లి డ్యాము గేట్లెత్తి తెచ్చిండ్రా?"

"జర ఎక్కువ రాస్తెనన్న నమ్ముతరనుకున్న మేడం."

"నేను నమ్ముతనే ఉన్న. ఉన్నదే రాయండి."

బతుకుల మొదటిసారి ఉన్నదున్నట్టు రాసిన. దినానికి ఇరవై రెండు సార్లు. ఒక్కసారి గూడ గ్లాసు సగం నిండలే. సన్న కెమెరా పెట్టి లోపల గూడ చూసిండ్రు. రాయి లేదు, గడ్డ లేదు.

"మూత్రాశయం లోపలి పొర నాజూకైంది. కొంచెం నిండంగనే నొప్పి పెడుతది. ఈ జబ్బుకు పేరుంది, మందుంది. పూర్తిగ పోతదని చెప్పలేను గని అదుపులకొస్తది," అన్నది.

పేరుందట! ఆ ముచ్చట ఇంట్ల ఒక్కొక్కలకు మూడేసి సార్లు వినిపిచ్చిన.

చాయ్ బంద్, పులుపు బంద్, కారం సగం. పడుకునేముందు ఒక గోలీ. నడుము కింది కండలను వదులు చేసే కసరత్తు. పోవాలనిపిస్తే ఐదు నిమిషాలు ఆగాలె, వారం వారం ఇంకో ఐదు. ఎట్ల ఆగుడు? నాకు నేనే కథ చెప్పుకున్న. పులిని ఆసిఫాబాద్ అడవి దాటిచ్చిన, గోదావరి ఈదిచ్చిన, దానికి పెండ్లి గూడ చేసిన. ఏడాది తిరిగేటాల్లకు మూడు గంటలు ఆగుడు నేర్చిన.

ఇగ బస్సెక్కిన. గోదావరి దాటింది. మంచిర్యాలల పది నిమిషాలు ఆగుతదంటే బస్సంత దిగింది, నేను రాణి లెక్క కూసున్న.

బెల్లంపల్లి బస్టాండుల అక్క అడిగిన మొదటి మాట, "ఎన్నిసార్లు ఆపిచ్చినవే బస్సు?"

"ఒక్కసారి గూడ లేదక్కా."

"పోవే, నీ మాట నమ్మినట్టే!"

నేను కండక్టరును పిలిచిన. "అన్నా, మా అక్కకు జర సాక్ష్యం చెప్పు!"

ఆయన దండం పెట్టిండు. "మీ చెల్లె సీట్ల నుంచి లేవలే తల్లీ. నోరు గూడ మూయలే."