పాలసొర రాని ఎండాకాలం

ఎనభైల మొదట్లో, ఒక ఎండాకాలం మా చెల్లెలు చిత్తూరులో మా ఇంట్లోనే పురుడు పోసుకుంది. బిడ్డకు పాలు చాలడం లేదు. వాడు గుక్కపట్టి ఏడుస్తుంటే నేను నడుం మీద చేతులు పెట్టుకుని, "పాలసొర వండిపెడితే పాలు వాటంతటవే వస్తాయి" అని తేల్చేశాను. పాలసొర అంటే బాలింతలకు పెట్టే చిన్న సొరచేప. మా వైపు ఎండుదే దొరికేది. నేను కన్నది ఒక్క బిడ్డనే అయినా, వీధిలో బాలింతలందరికీ పెద్ద దిక్కును నేనేనని నా నమ్మకం. పచ్చి ఒంటికి నీళ్లు పడవని మా పథ్యం. అందుకని చెల్లెలికి అర గ్లాసు మించి ఇచ్చేదాన్ని కాదు.

నాయుడుపేట వైపు నుంచి బస్సులో వచ్చే ఎండుచేపలామె ఆ వారం సగం గంపతో మా ఇంటికొచ్చింది. సొర లేదంది.

"ఎవురికి దాసిపెట్టినావు మే?" అన్నాను.

"దాసేదానికి వస్తే గదమ్మా! గాలి ఒడ్డు కాడి పైనీళ్లను సముద్రం లోపలికి తోస్తే, అడుగు నుంచి సల్లనీళ్లు లేస్తాయి. సన్నసేపల మేతంతా ఆ నీళ్లతోనే. వాటి కోసం సొర వస్తాది. ఈ తూరి పైనీళ్లు కాగిపోయి మూతేసినట్టు ఉండాయి. ఎంత గాలి కొట్టినా అడుగునీళ్లు లేస్తేనా?"

"నీళ్లు నీళ్లలో కలవకుండా యాడన్నా ఉంటాయా? నాకే సెప్తావా!"

అప్పటికి సముద్రం మొహం కూడా చూడలేదు నేను.

పెరట్లో చెల్లెలి స్నానానికి నేను చన్నీళ్ల మీద మరిగిన నీళ్లు వంచిపెట్టిన గంగాళం ఉంది. చేపలామె దాన్ని చూపించి, "మోచేతి దాకా పెట్టి సూడు" అంది. పెట్టాను. పైన చురుక్కుమంది, కింద జిల్లుమంది.

గది లోపల చెల్లెలు నవ్వింది. "రోజూ మొదటి సెంబుకు ఒళ్లు కాలతాది, ఆఖరి సెంబుకు వణుకొస్తాది. సెప్తే నీకు కోపమని ఊరకున్నానక్కా. సొర రాకపోతే మానె. నోరెండిపోతా ఉండాది, నీళ్లన్నా ఇయ్యి!"

ఇంకేం పథ్యం చెప్పను? కాచి చల్లార్చిన నీళ్లు తెచ్చిస్తే గటగటా తాగి, ఇంకా కావాలంది. ఆ రోజు నుంచి అడిగినప్పుడల్లా ఇచ్చాను. మునగాకు, తెల్లగడ్డలు వండి కడుపునిండా అన్నం పెట్టాను. వారం తిరక్కుండానే బిడ్డ తృప్తిగా తాగి, మూతి పక్కన పాలు కార్చుకుంటూ నిద్రపోయాడు.

చూడవచ్చినవాళ్లు "ఏం పెట్టినావమ్మా?" అని అడిగితే, "అంతా నా పథ్యం మహిమ" అన్నాను.

చెల్లెలు దగ్గింది. నేను గబగబా నీళ్లు తేవడానికి లేచాను.