మహారాణి కాళ్ళ కేసు

ఇంట్లో ఏ చిన్న నష్టం జరిగినా సరే, కుట్టు మిషన్ల మేస్త్రికి దాని కారణం దొరికి తీరాలి. దొరికేదాకా ఆయనకి ముద్ద దిగదు, పక్కవాళ్ళకీ దిగనివ్వడు. దొరికాక మాత్రం కళ్ళజోడు నుదుటి మీదికి తోసి, "దొంగ దొరికాడు!" అని వీధి చివరికి వినపడేలా కేకేస్తాడు. వీధివాళ్ళు ఆయనకి డిటెక్టివ్ మేస్త్రి అని పేరు పెట్టి చాలా కాలమైంది. ఆ పేరు పెట్టడానికి కారణమేమిటని కూడా ఆయన ఇంటింటికీ తిరిగి ఆరా తీశాడు.

ఆ ఇంటికి కొత్తగా వచ్చిన కోడలికి ఈ సంగతులన్నీ మొగుడే చెప్పాడు.

"ఒకసారి కూరలో ఉప్పు ఎక్కువైంది. నాన్న వంటింట్లో గంటసేపు వెతికి, తప్పంతా ఉప్పు డబ్బాలో చెంచాది అన్నాడు. గుంట లోతెక్కువట."

"నిజమా!"

"నేను లెక్కల్లో తప్పానా? నా బల్లకి ఒక కాలు పొట్టిదని తేల్చాడు. అంకెలన్నీ ఒక పక్కకి జారిపోయాయట. మా నాయనమ్మ అద్దం పగిలినప్పుడైతే గోడకున్న మేకుని పట్టుకున్నాడు. ఆ మేకు ఇప్పటికీ ఆయన పనిముట్ల పెట్టెలో ఖైదు అనుభవిస్తోంది."

మొగుడు పొట్ట పట్టుకుని నవ్వాడు. కోడలికి మాత్రం నవ్వు రాలేదు. చెంచా గుంటనీ, బల్ల కాలునీ వదలని మనిషి, తన చేతి పొరపాట్లని వదులుతాడా? ఆ రోజు నుంచీ ఆ పిల్ల గిన్నె దించాలన్నా చప్పుడు కాకుండా దించేది.

అత్తగారి సంగతి వేరు. ఆవిడది కారణాలు వెతికే తత్వం కాదు, ముందు కేకలేసే తత్వం. అంత గొంతున్న మనిషీ ఒక్కరి దగ్గర మాత్రం వెన్నలా కరిగిపోయేది. ఆ ఒక్కరు ఒక కోడిపిల్ల. పెరట్లో పెట్ట పొదిగిన గుడ్లన్నీ మురిగిపోయి ఇదొక్కటే బయటపడింది. పెట్టేమో దీన్ని వదిలేసి తన దారిన తాను పోయింది. అత్తగారు దాన్ని మిషను వచ్చిన అట్టపెట్టెలో పెట్టి, వెచ్చదనానికి పైన బల్బు వేలాడదీసి, మహారాణి అని పేరు పెట్టింది. "మహారాణీ, నూకలు తిన్నావా తల్లీ?" అని ఆవిడ అడుగుతుంటే, ఆ తల్లీ అన్న మాట తనకెప్పుడు దక్కుతుందా అని కోడలు చూస్తూ ఉండేది.

దక్కించుకోవాలని ఒకరోజు ఆ పిల్ల ఒక పని చేసింది. పెట్టెలో పరిచిన పాత గోనెముక్క తీసేసి, తన పెళ్ళి కానుకల మీద చుట్టి వచ్చిన మెరుపు కాగితం, వెండి పువ్వులది, దాచుకున్నది తెచ్చి నాలుగు మూలలా నీటుగా పరిచింది.

అత్తగారు చూసి, "అబ్బో! మహారాణికి అంతఃపురం కుదిరిందే!" అంది. అంతే కాదు, కోడలి వైపు చూసి నవ్వింది కూడా. ఆ నవ్వుతో కోడలికి రెండు రోజులు కాళ్ళు నేల మీద ఆనలేదు.

ఆ తర్వాత మహారాణి కాళ్ళు ఆనడం మానేశాయి. పొద్దున్నే చూస్తే పిల్ల పొట్ట మీద పడి ఉంది. కాళ్ళు చెరో దిక్కుకీ బార్లా చాపుకుని, లేవబోవడం, మళ్ళీ చతికిలబడడం.

అత్తగారు లబోదిబోమంది. "మొన్నటిదాకా గెంతులేసిన పిల్లండీ! ఎవరో తొక్కారు! ఎవరో తెలియనీ, వాళ్ళ కాళ్ళు విరగ్గొట్టి పొయ్యిలో పెడతాను!"

కుర్చీలో ఉన్న కొడుకు గబుక్కున కాళ్ళు పైకి ముడుచుకున్నాడు.

మేస్త్రి టార్చీ, భూతద్దం పట్టుకుని రంగంలోకి దిగాడు. "ఎవరూ కదలొద్దు. ఏరా, నిన్న సాయంత్రం ఎక్కడున్నావు?"

"ఆఫీసులో నాన్నా."

"సాక్ష్యం?"

"మా మేనేజరు నన్ను తిట్టాడు. నలుగురూ విన్నారు. చాలదా?"

మేస్త్రి పిల్లని అరచేతిలోకి తీసుకుని, కాళ్ళు నిమిరి చూశాడు. ఎక్కడా విరగలేదు, వాపూ లేదు. అప్పుడాయన పంచె ఎగ్గట్టి, కాళ్ళు ఎడంగా చాపి, కోడిపిల్ల ఎలా నడుస్తోందో అలాగే వసారా అంతా నడవడం మొదలుపెట్టాడు. మిషను బాగుచేయించుకుందామని వచ్చిన బట్టల కొట్టాయన గుమ్మంలోనే ఆగిపోయాడు.

"ఏమైంది మేస్త్రీ, వాతమా?"

"విచారణ!" అన్నాడు మేస్త్రి, మోకాళ్ళు పట్టుకుని మూలుగుతూ.

నడకతో ఏమీ తేలలేదు. పశువుల డాక్టరుకి ఫోన్ చేసి, అందరూ వినాలని స్పీకర్ పెట్టాడు. అత్తగారు వంటింట్లో పొయ్యి మీది పాలు చూడ్డానికి వెళ్ళింది. కోడలు గోడకి ఆనుకుని నిలబడింది.

డాక్టరు అంతా విని, "పెట్టెలో కింద ఏం పరిచారండీ?" అన్నాడు. "నున్నటి కాగితంలాంటిదేమైనా ఉందా? కోడిపిల్లలకి పట్టు దొరక్కపోతే జారి జారి కాళ్ళు ఇలాగే..."

మేస్త్రి పెట్టెలోకి చూశాడు. వెండి పువ్వులు తళతళమన్నాయి. తలెత్తి కోడలి మొహం చూశాడు. అందులో నెత్తురు చుక్క లేదు.

"హలో? హలో? డాక్టరుగారూ, ముక్క వినపడి చావడంలేదు!" అని ఆయన ఇల్లెగిరిపోయేలా అరిచి, టక్కున స్పీకర్ తీసేసి, ఫోన్ చెవికి నొక్కుకుని పెరట్లోకి నడిచాడు.

వంటింట్లోంచి అత్తగారు కేకేసింది. "ఏమన్నాడండీ డాక్టరు?"

"బతుకుతుందన్నాడే!"

పెరట్లోంచి వచ్చేటప్పుడు ఆయన చేతిలో ఉతికిన గోనెముక్క ఉంది. వంటింటివైపు వీపు పెట్టి కూర్చుని, మెరుపు కాగితాన్ని మడతపెట్టి జేబులో దోపుకుని, గోనె పరిచాడు. లంగాల నడుముకి వాడే మెత్తటి ఎలాస్టిక్ ముక్క తెచ్చి, మహారాణి రెండు కాళ్ళూ దగ్గరకి ఉండేలా, నడవడానికి కాస్త ఎడం వదిలి వదులుగా కట్టాడు. అప్పుడు కళ్ళజోడు నుదుటి మీదికి తోశాడు.

"దొంగ దొరికాడు!"

అత్తగారు గరిటెతో సహా పరిగెత్తుకొచ్చింది. "ఎవరు? ఎవరండీ?"

"బల్బు!"

"బల్బా!"

"ఒక్క పక్కనే వేలాడుతోంది చూడు. వెచ్చదనం కోసం పిల్ల ఒకే వైపు ఒరిగీ ఒరిగీ కాళ్ళు అదుపు తప్పాయి. పచ్చి దుర్మార్గపు బల్బు."

కొడుకు నవ్వాపుకోలేక బయటికి పారిపోయాడు. అత్తగారు బల్బు వైపు కాసేపు చూసి, "దీని మొహం మండ! ఎన్నాళ్ళ నుంచి పగబట్టిందో!" అని చేత్తో దాన్ని మధ్యకి జరిపింది. కోడలికి ఏడవాలో నవ్వాలో తెలియలేదు.

ఆ వారమంతా మహారాణి సేవ కోడలే చేసింది. నూకలు నానబెట్టి తినిపించడం, పడిపోతే లేపి నిలబెట్టడం. కట్టు విప్పిన రోజు మహారాణి ఒకసారి తూలి, సర్దుకుని, తిన్నగా నడిచి వెళ్ళి అత్తగారి కాలి వేలు పొడిచింది. ఆవిడ కళ్ళు తుడుచుకుంటూ, "బతికించావే తల్లీ!" అంది. ఆ మాట కోడిపిల్లని కాదు, కోడల్ని.

ఇన్నాళ్ళూ ఎదురుచూసిన మాట దక్కనే దక్కింది. కోడలు ఆగలేకపోయింది.

"అత్తయ్యగారూ, బల్బు కాదండీ. కాగితం. నేను పరిచిందే. మామయ్యగారికి తెలుసు."

అత్తగారు చెంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వడం మొదలుపెట్టింది. "నాకూ తెలుసే పిచ్చిదానా. కాగితం సగం ఆయన జేబులోంచి బయటికి వేలాడుతుంటే నాకు కళ్ళు లేవనుకున్నావా?"

"మరి బల్బుని తిట్టారేం?"

"తిట్టాలిగా! మా అత్తగారి అద్దం పగలగొట్టింది నేనే. కాపురానికొచ్చిన కొత్తలో. వణికి చస్తుంటే మీ మామయ్య వచ్చి మేకుని పట్టుకున్నాడు. మా అత్తగారు మూడు రోజులు ఆ మేకుని తిట్టింది. ఇన్నేళ్ళలో ఆయన పట్టుకున్న దొంగల్లో మనిషన్నవాడు ఒక్కడైనా ఉన్నాడేమో అడుగు మీ ఆయన్ని!"

అంతలో వసారాలో ధబ్బుమని చప్పుడైంది. ఇద్దరూ పరిగెత్తారు. మిషను నూనె డబ్బా బోర్లా పడి ఉంది. అత్తగారు పొద్దున్నే ఉతికి మడతపెట్టిన తెల్ల దుప్పటి మీద నూనె మెల్లగా పాకుతోంది. పక్కనే మేస్త్రి మోచెయ్యి గాలిలో ఆగిపోయి ఉంది.

"ఏవండీ! ఎవరు చేశారిది?"

మేస్త్రి బల్బు వైపు, బల్ల వైపు, గోడ వైపు చూశాడు. జన్మలో మొదటిసారి ఆయనకి కారణం దొరకలేదు.

కోడలు ముందుకొచ్చి చతికిలబడి, డబ్బా ఎత్తి, అటూ ఇటూ తిప్పి చూసింది. తర్వాత గొంతు సవరించుకుంది.

"దొంగ దొరికాడండీ. ఈ డబ్బా అడుగు చూడండి మామయ్యగారూ, ఒక పక్క సొట్ట!"

మేస్త్రి కళ్ళజోడు సర్దుకుని, భూతద్దం తీసి, నున్నగా ఉన్న ఆ అడుగుని చాలాసేపు పరీక్షించాడు.

"సొట్టేనమ్మా," అన్నాడు గంభీరంగా. "పెద్ద సొట్ట."