నేను తిప్పిపంపిన వ్యాసం

ఇన్నేళ్ళుగా నా మీద ఒక బరువుంది. పైకి కనిపించేది కాదు. ఇంట్లోవాళ్ళకి తెలియదు. నాతో కలిసి పనిచేసినవాళ్ళకీ తెలియదు. నేను చేసిన పని కింద నా పేరు లేదు. పేరు ఉండకూడదన్నదే ఆ పనికి నియమం. అందుకే ఎవరూ నన్ను నిలదీయలేదు. మీరెవరో నాకు తెలియదు, నేనెవరో మీకు తెలియదు. ఒకప్పుడు సరిగ్గా ఈ తెలియకపోవడాన్నే చాటు చేసుకుని ఒక తప్పు చేశాను. ఇప్పుడు అదే చాటున నిలబడి ఒప్పుకుంటున్నాను. ఇది కూడా పిరికితనమేనా? కావచ్చు. అయినా చెబుతాను.

మా కాపురం జగ్గయ్యపేటలో. ఉద్యోగం నందిగామలో, ఒక డిగ్రీ కాలేజీలో కెమిస్ట్రీ లెక్చరర్ని. తొంభైల మొదట్లో ఈ రెండూళ్ళ చుట్టుపక్కల పల్లెల్లో బావుల నీళ్ళూ బోర్ల నీళ్ళూ పరీక్ష చేసి ఒక పరిశోధన వ్యాసం రాశాను. ఈ నీళ్ళల్లో ఫ్లోరైడ్ హద్దు దాటలేదు, ఏడాది పొడుగునా తాగొచ్చు, అన్నది అందులో తేల్చిన మాట. నిజానికి నేను నీళ్ళు పట్టింది వానలు వెనకబట్టాక, బావులు నిండుగా ఉన్నప్పుడు. ఎండాకాలంలో ఒక్క ఊరికీ వెళ్ళలేదు. ఎండలకి భయపడ్డాను. పీహెచ్‌డీ త్వరగా అయిపోవాలన్న ఆత్రం ఒకటి. నీళ్ళు అడుగంటినప్పుడు అందులో ఉన్నవి చిక్కబడతాయని, అప్పుడు లెక్క మారొచ్చని ఎవరైనా చెబుతారు. నాకు తెలియదా? తెలుసు. అయినా 'ఏడాది పొడుగునా' అని రాశాను. పత్రికవాళ్ళు పట్టుకోలేదు. వ్యాసం అచ్చయింది.

దాంతో నాకొక పేరొచ్చింది. ఎక్కడెక్కడి నుంచో రైతులు సోడా సీసాల్లో నీళ్ళు పట్టుకుని కాలేజీకి వచ్చేవాళ్ళు. మేడమ్ గారూ, ఇవి తాగొచ్చంటారా, అని అడిగేవాళ్ళు. బోరు వేసే ముందు ఇంజనీర్లు నన్ను సంప్రదించేవాళ్ళు. నీళ్ళ విషయంలో నా మాటకి తిరుగులేదని అందరూ అనుకునేవాళ్ళు. మెల్లగా నేనూ అనుకోసాగాను. మనుషులు నా ముందు అలా సీసా పట్టుకుని నిలబడి, నేనేం చెబుతానా అని చూస్తుంటే ఎంత బాగుండేదో ఇప్పుడు చెప్పడానికి సిగ్గుగా ఉంది.

భ్రమరాంబ నా దగ్గరే డిగ్రీ చదివింది. వీరులపాడు వైపు వ్యవసాయం చేసుకునే కుటుంబం వాళ్ళది. నెమ్మదైన పిల్ల. ఎమ్మెస్సీ అయ్యాక జగ్గయ్యపేటలోనే జూనియర్ కాలేజీలో లెక్చరరుగా చేరింది. ఎండాకాలం సెలవుల్లో అప్పుడప్పుడూ బస్సులో కనిపించేది. ఒళ్ళో గోనెసంచి, అందులో ప్లాస్టిక్ క్యాన్లు. ఎండకి మొహం కమిలిపోయి ఉండేది. ఏం చేస్తున్నావంటే, నీళ్ళు పడుతున్నానండి, అనేది. మంచిది, రాసినప్పుడు చూపించు, అన్నాను. తను చూపించలేదు. ఎందుకు చూపించలేదో వ్యాసం చదివాక తెలిసింది.

పరిశోధన పత్రికకి ఎవరైనా వ్యాసం పంపితే సంపాదకుడు దాన్ని వెంటనే అచ్చుకివ్వడు. రాసినవాళ్ళ పేరు తీసేసి, ఆ విషయం తెలిసిన ఒకరిద్దరికి పంపిస్తాడు. వాళ్ళని రెఫరీలంటారు. వాళ్ళు చదివి, వెయ్యొచ్చనో వద్దనో, ఎందుకనో రాసి పంపుతారు. ఆ అభిప్రాయం రాసినవాళ్ళకి వెళుతుంది కానీ రెఫరీ ఎవరో వాళ్ళకి చెప్పరు. మొహమాటం లేకుండా నిజం చెప్పడం కోసం పెట్టిన పద్ధతి అది.

తొంభైల మధ్యలో ఒక వేసవి మొదట్లో నాకు అలాంటి కవరు ఒకటి వచ్చింది. పేరు లేదు. రెండో పేజీకే ఎవరిదో తెలిసిపోయింది. అవే పల్లెలు. అవే బోర్లు. కాకపోతే నీళ్ళు పట్టింది ఎండాకాలంలో. కొన్ని బోర్లలో ఫ్లోరైడ్ వేసవిలో హద్దు దాటి పైకి పోతోందని, ఒక ఊళ్ళో బడి పక్కనున్న బోరులో మరీ ఎక్కువగా ఉందని, అవి తాగుతూ పెరిగితే పళ్ళు గారపడతాయని, పెద్దయ్యాక ఎముకలు బిగుసుకుపోతాయని, పిల్లలు ఆ నీళ్ళు తాగకూడదని రాసింది. ఇంతకుముందు జరిగిన ఒక పరిశోధన తేల్చిన మాటని తిరిగి చూసుకోవాలేమో, అని చివర్లో ఒక వాక్యం. ఆ పరిశోధన నాది. ఎంత మర్యాదగా రాసిందో. ఆ మర్యాదే నన్ను ఎక్కువ మండించింది.

అప్పటికీ నాకొక దారుంది. ఇది నా వ్యాసానికి ఎదురు వ్యాసం, నేను చూడకూడదు, అని కవరు తిప్పి పంపెయ్యొచ్చు. పంపలేదు. దాని బదులు బస్సెక్కి ఆ ఊరికి వెళ్ళాను. మిట్టమధ్యాహ్నం. బడికి సెలవులు. బోరు కొడుతుంటే చాలాసేపటికి గానీ నీళ్ళు పడలేదు. ఒక క్యాను నింపుకుని కాలేజీ ల్యాబుకి తెచ్చాను. ఎర్రటి రంగు ద్రావణంలో నీళ్ళు కలిపి చూసే పరీక్ష అది. ఫ్లోరైడ్ ఎంత ఎక్కువుంటే ఆ ఎరుపు అంత వెలిసిపోతుంది. కలిపాను. నా కళ్ళముందే వెలిసిపోయింది. మళ్ళీ చేశాను. మళ్ళీ వెలిసింది. ల్యాబులో నేనొక్కదాన్నే. గాజు గొట్టాలు కడిగి బోర్లించి, తాళం వేసుకుని ఇంటికి వచ్చేశాను.

చూడండి, నాకు తెలియక చెయ్యలేదు. ఈ మాట మీకు చెప్పాలనే ఇదంతా రాస్తున్నాను.

వారం గడిచాక నివేదిక రాశాను. నమూనాలను స్వేదనం చేసినట్టు ఎక్కడా లేదు, కాబట్టి ఈ కొలతల్ని నమ్మలేం, అని రాశాను. నీళ్ళని మరిగించి, ఆవిరిని చల్లార్చి పట్టిన నీటినే పరీక్షించాలి, లేకపోతే లెక్క తప్పుతుంది, ఆ మాట నిజమే. కానీ తను స్వేదనం చేసింది. చేశానని నాలుగో పేజీలో స్పష్టంగా రాసింది. నేను ఆ వాక్యం చదివాను. చదివి, లేదని రాశాను. ఆ కింద, ప్రయోగం కంటే ముందే ఫలితం పుట్టినట్టుంది, అని ఒక ఎత్తిపొడుపు మాట కూడా చేర్చాను. అచ్చుకి పనికిరాదు అని ముగించాను. సంపాదకుడు ఎక్కడో దూరాన ఉన్న పెద్దమనిషి. నన్ను నమ్మాడు. నమ్మక ఏం చేస్తాడు?

కొన్నాళ్ళకి ఒక ఆదివారం పొద్దున్నే భ్రమరాంబ మా ఇంటికి వచ్చింది. చేతిలో కాగితాలు. నేను వాకిట్లోనే ఉన్నాను. లోపలికి రమ్మన్నాను.

"పేపర్ తిప్పి పంపారండి మేడమ్," అంది. "స్వేదనం చెయ్యలేదంట. నాలుగో పేజీలో రాసానండి నేను. చదవకుండానే రాసేసారు."

"ఒక్కోసారి అలా జరుగుతుందమ్మా. వాళ్ళకీ బోలెడు పనులుంటాయి."

"ఎడిటర్ గారికి మీరొక్క ముక్క రాస్తారా? మీ మాటంటే వింటారు కదండి. ఆ ఊళ్ళో నీళ్ళు నిజంగా బాలేదు మేడమ్. ఇదేదో నా పేరు కోసం కాదండి."

"రెఫరీల విషయంలో బయటివాళ్ళు కలగజేసుకోకూడదు," అన్నాను. నా గొంతు నాకే ఎంతో నిజాయితీగా వినిపించింది. "ఇంకో రెండు వేసవులు చూడు. పెద్ద ల్యాబులో చేయించు. తొందరేముంది?"

తను తలూపింది. చేతిలో కాగితాల్లో ఒకటి పైకి తీసి, ఈ మాట చూడండి మేడమ్, అంటూ ఇంగ్లీషులో ఉన్న ఆ ఎత్తిపొడుపు పైకి చదివింది. ప్రయోగం కంటే ముందే ఫలితం. అక్కడ ఆగిపోయింది.

ఆ మాట నేను క్లాసులో వాడేదాన్ని. లెక్క సరిపోవడం కోసం రికార్డులో అంకెలు దిద్దిన పిల్లల్ని చీవాట్లు పెట్టేటప్పుడు ప్రతి ఏడాదీ అనే మాట. తనూ నా ఎదుట బల్ల మీద కూర్చుని విన్నదే. రాసేటప్పుడు నాకెందుకు తట్టలేదు?

"ఈ మాట ఎక్కడో విన్నట్టుందండి," అంది మెల్లగా. నా వైపు చూడలేదు.

"అందరూ అనేదేగా," అన్నాను.

కాగితాలు మడిచి సంచిలో పెట్టుకుంది. కాఫీ పెడతానంటే వద్దంది. "వెళ్ళొస్తానండి," అని గుమ్మం దిగింది. ఆ వ్యాసం మళ్ళీ ఏ పత్రికకీ పంపలేదు. ఎండాకాలం బస్సులో క్యాన్లతో మళ్ళీ కనిపించనూ లేదు. ఎక్కడైనా ఎదురుపడితే నమస్కారమండి అనేది. అంతే.

ఆ మరుసటి ఏడు ఆ ఊరికి మంచినీళ్ళ ట్యాంకు మంజూరైంది. ఏ బోరుకి కలపాలో తేల్చుకోవడానికి ఇంజనీరు నా దగ్గరికి వచ్చాడు. మిగతా వాటికంటే బడి పక్క బోరులోనే నీళ్ళు ఎక్కువున్నాయని, నా వ్యాసంలో కూడా బాగున్నాయనే ఉందని అన్నాడు. నిజం చెప్పడానికి అది రెండో అవకాశం. ఒక్క మాట చాలు. వేసవిలో ఒకసారి మళ్ళీ పరీక్ష చేయించండి, అంటే ఎవరూ నన్ను అనుమానించేవాళ్ళు కాదు. కానీ ఎందుకని అడిగితే? అడిగితే ఏం చెప్పాలి? వ్యాసంలో ఉన్నదే నా మాట, అన్నాను. అతను దణ్ణం పెట్టి వెళ్ళాడు. ట్యాంకు లేచింది. వీధివీధికీ పంపులు వచ్చాయి. అంతకుముందు ఆ నీళ్ళు బడి పిల్లలు మాత్రమే, అదీ బడి ఉన్నంతసేపు తాగేవాళ్ళు. ఆ తర్వాత ఊరంతా తాగింది.

నేను ఆ దారిలో పోవడం మానేశాను. ఎవరైనా ఆ ఊరి పేరెత్తితే మాట మార్చేదాన్ని. ఏమీ కాలేదేమో, భ్రమరాంబ లెక్కే తప్పేమో అనుకునేదాన్ని. వెలిసిపోయిన ఎరుపు మాత్రం కళ్ళముందు కదిలేది.

కొన్నేళ్ళు గడిచాయి. ఎన్నికల డ్యూటీ పడింది. కాగితం తెరిచి చూస్తే అదే ఊరు. అదే బడి. మార్పించుకోవాలని ప్రయత్నించాను, కుదరలేదు. ఇంటి నుంచి పెద్ద సీసాలతో నీళ్ళు పట్టుకెళ్ళాను. ఊళ్ళోవాళ్ళు మర్యాదగా బిందెతో పంపు నీళ్ళు తెచ్చి పెట్టారు. నాతో వచ్చినవాళ్ళంతా తాగారు. నేను నా సీసాలోవే తాగాను. నాకు బయట నీళ్ళు పడవు, అని చెప్పాను.

వేళ్ళకి సిరా గుర్తు పెట్టే పని నాది. ఆడవాళ్ళు పిల్లల్ని వెంటబెట్టుకుని వచ్చారు. తల్లి వేలికి సిరా పెడుతుంటే పక్కనున్న పిల్ల తన వేలు కూడా చాపింది.

"నాక్కూడా పెట్టండి మేడమ్!" అని నవ్వింది.

పై పళ్ళ మీద అడ్డంగా గోధుమరంగు చారలు. తల్లి పళ్ళు తెల్లగా, శుభ్రంగా ఉన్నాయి. తర్వాత ఇంకొక పిల్లాడు. వాడికీ అంతే. ఆ తర్వాత అక్కాచెల్లెళ్ళు ఇద్దరు. ట్యాంకు లేచాక పుట్టిన పిల్లలు, ఆ నీళ్ళతోనే పాలపళ్ళు ఊడి కొత్త పళ్ళు వచ్చినవాళ్ళు. వరసగా వస్తున్నారు, నవ్వుతున్నారు. కొంచెం పెద్దపిల్ల ఒకతి మాత్రం నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని నవ్వింది. అప్పుడే ఆ వయసుకే అలవాటైపోయింది. ఒక నడివయసు మనిషి, పేరు పిలిస్తే మెడ తిప్పకుండా ఒళ్ళంతా తిరిగి చూశాడు. అది నీళ్ళ వల్లో కాదో నేను చెప్పలేను. ఆ పిల్లల పళ్ళు మాత్రం ఎందుకలా ఉన్నాయో ఆ గదిలో నా ఒక్కదానికే తెలుసు. సాయంత్రం దాకా తల వంచుకుని వేళ్ళు మాత్రమే చూశాను.

తర్వాత అధికారులకి అర్జీ పెట్టాను. తాజా పరీక్షల్లో ఈ నీళ్ళు తాగకూడదని తేలింది, అని రాశాను. తాజా పరీక్షల్లో! ఆ మాట ఎంత తేలిగ్గా దొరికిందో. ఆఫీసుల చుట్టూ తిరిగాను. ఆలస్యంగానైనా బోరు మూసి ఏటి నీళ్ళు ఇచ్చారు. ఊరివాళ్ళు నన్ను పిలిచి శాలువా కప్పారు. కప్పించుకున్నాను. అర్జీలో ఆ మాట రాసిన దానికంటే, నివేదిక రాసిన దానికంటే, ఆ శాలువా కింద నిలబడ్డ కాసేపే నాకు ఇప్పటికీ ఊపిరాడనివ్వదు.

అది భరించలేకే భ్రమరాంబ ఇంటికి వెళ్ళాను. వంటింట్లో ఉంది. పిలిస్తే వచ్చి కూర్చుంది. జుట్టు నెరవడం మొదలైంది. ఆ నివేదిక నేనే రాశాను, నాలుగో పేజీ చదివే రాశాను, ఆ బోరు నీళ్ళు నేనూ పరీక్ష చేశాను, అని చెప్పాను. చెబుతున్నంతసేపూ నేల చూస్తూ ఉంది. తనకు ముందే తెలుసో లేదో ఆ మొహంలో నాకు కనిపించలేదు. తిడుతుందనుకున్నాను. ఏడుస్తుందనుకున్నాను. పోనీలెండి మేడమ్ అంటుందేమోనని, నా సిగ్గు మండ, లోపల ఎక్కడో ఆశపడ్డాను కూడా.

తలెత్తి ఒక్కటే అడిగింది.

"ఎంతమంది పిల్లలండి?"

అర్జీ రాశాను, ఆఫీసులు తిరిగాను, శాలువా కప్పించుకున్నాను. ఆ ఊళ్ళో ఒక్క ఇంటికి వెళ్ళి ఒక్క పిల్లని నోరు తెరవమని అడగలేదు.

"తెలియదు," అన్నాను.

తను లేచి లోపలికి వెళ్ళిపోయింది. నేను చెప్పులు వేసుకుని రోడ్డు మీదికి వచ్చాను. క్షమించమని అడగలేదు. అడిగే హక్కు లేదు. కానీ ఆ నీళ్ళ గురించి ఒక మనిషి నన్ను అడిగితే, అన్నేళ్ళ తర్వాత మొదటిసారి, తెలిసింది తెలిసినట్టు, తెలియంది తెలియనట్టు చెప్పాను. ఇంటిదారి పట్టాక ఊపిరి కొంచెం కిందిదాకా దిగింది. అంతే.