గీత లేని సీసా

అలాస్కాలోని బెథెల్‌లో వాసిలి పని చిన్న విమానాలకు ఇంధనం పోయడం. నది పొడవునా ఊళ్లకు పిండి బస్తా నుంచి శవపేటిక దాకా అన్నీ వాటిలోనే పోవాలి. ఎగిరేముందు రెక్క కింది కుళాయి తిప్పి సీసాలోకి కాస్త ఇంధనం పడతాడు. నీరు కలిస్తే అడుక్కు దిగుతుంది. మధ్యలో గీత కనబడుతుంది.

ఇరవై నాలుగేళ్ల కిందట, ఇలాంటి సెప్టెంబరు ముసురులోనే, అక్క మొగుడు అంగల్‌గాక్ పైలట్ సీట్లోంచి "గీత ఉందా?" అని అరిచాడు.

"లేదు బావా, పో!"

నిజమే, లేదు. సీసా నిండా నీళ్లే ఉంటే గీత ఎక్కణ్ణుంచి వస్తుంది? గొట్టాల్లో మిగిలిన ఇంధనం విమానాన్ని నది సగం దాకా మోసింది.

ఆ నెలలోనే అక్కకు ఆడపిల్ల పుట్టింది. తండ్రి పేరే పెట్టారు. అక్కడివాళ్ల నమ్మకంలో పోయినవాడి పేరు పెడితే అతనే తిరిగొచ్చినట్టు. పేరుతో పాటు వరసా వస్తుంది. వాసిలి మేనకోడల్ని బావా అనే పిలవాలి. నాలుగేళ్లప్పుడే ఆ పిల్ల, "ఒరేయ్ బావమరిదీ, బూట్లు తొడుగు!" అనేది. అందరూ పడీపడీ నవ్వేవారు, వాసిలి తప్ప. దెయ్యాలు చాలా దేశాల్లో చీకట్లో వస్తాయి. ఇక్కడ మాత్రం ఎదురుగా కూర్చుని ఎండు సాల్మన్ చేప నములుతాయి.

ఇప్పుడా పిల్లే పైలట్. ఒంటరిగా సరుకు తీసుకుపోవడం ఇవాళే మొదలు. రెండ్రోజులుగా వాన. ట్యాంకులో పుల్ల ముంచి చూసింది: నిండుగా ఉంది. పుల్లకేం తెలుసు, నీళ్లో ఇంధనమో!

"మొహమేంట్రా, తడిసిన కుక్కలా?" అంటూ సీటెక్కింది. "గీత ఉందా?"

సీసా తేటగా ఉంది. మబ్బు వెలుతురులో ఇంధనపు లేత నీలం ఎవరి కంటికీ ఆనదు. వాసన చూద్దామంటే ముక్కు ఎప్పుడో చచ్చిపోయింది. టోపీ అంచున వేలాడే వానచుక్కను సీసాలోకి జార్చాడు. ఇంధనమైతే చుక్క పూసలా అడుగున నిలవాలి.

కలిసిపోయింది.

"లేదు బావా. దిగు."

"లేకపోతే వెళ్లొచ్చుగా!"

"దిగవోయ్! నిండా నీళ్లే!"

ట్యాంకు మూత రబ్బరు చిట్లి వాననీరు లోపలికి దిగింది. రబ్బరు మార్చారు. ఆమె పక్కన నిలబడితే వాసిలి సీసా తర్వాత సీసా పట్టాడు. ఆరోదాంట్లో గీత వచ్చింది. అతను దాన్ని చాలాసేపు చూశాడు. పదకొండోదాంట్లో పోయింది. చుక్క వేశాడు. అడుగున పూసలా మెరిసింది. రెండో రెక్క కిందా అలాగే పట్టి చూశాడు.

"చెప్పవేం? గీత ఉందా?"

వాసిలి సీసాను ఆమె వైపు చాచాడు.

ఆమె అందుకుని వాసన చూసింది. నవ్వలేదు. "ఈసారి నేనే చెప్తాలే బావమరిదీ. లేదు."

విమానం లేచింది. ఇంజను చప్పుడు నది సగం దాకా వెళ్లింది, సగం దాటింది, అవతలి ఒడ్డు దాటింది. ఖాళీ సీసా పట్టుకుని వాసిలి ఇంకా వింటూనే ఉన్నాడు.